ఎన్ని రోజులని కాదు, ఎన్నిసార్లు ఎత్తాలో లెక్కపెట్టండి

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఎందుకంటే ఇదే గొడవ ప్రతి టూరులోనూ కనీసం రెండు జంటల మధ్య చూస్తుంటాను. మీరిద్దరూ, ఆరేళ్ళ పాప, పది రోజులు, నాలుగు ఊళ్ళు, వెళ్ళడానికీ రావడానికీ విమానం, మధ్యలో అంతా రైళ్ళు. మీరేమో రెండు పెద్ద సూట్‌కేసులు కావాలంటున్నారు, మీ వారేమో మనిషికో బ్యాక్‌ప్యాక్ చాలు, అంతకు మించి ఒక్క సంచి కూడా మొయ్యనని భీష్మించుకుని కూర్చున్నారు. ఎవరిది రైటు అని అడిగారు. పదహారేళ్ళుగా టూర్ మేనేజర్‌గా గ్రూపుల్ని తిప్పుతున్నాను, ఈ పదహారేళ్ళలో నా బ్యాగు ఎత్తిన దానికంటే పక్కవాళ్ళ బ్యాగులు ఎత్తిందే ఎక్కువ, కాబట్టి కాస్త చనువుగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. ఇద్దరిదీ తప్పే. కాకపోతే మీ వారి తప్పు కొంచెం చిన్నది.

దాదాపు అందరూ రోజులు లెక్కపెట్టి సర్దుతారు. పది రోజులు అనగానే పది జతలు, పైన ఒకవేళ పాడైతే అని ఇంకో రెండు. కానీ ఐదారు రోజులు దాటాక రోజుల లెక్కకి అర్థమే లేదు, ఎందుకంటే ఎలాగూ మధ్యలో ఎక్కడో ఒకచోట బట్టలు ఉతుక్కోవాలి, ఉతుక్కోవడం అంటూ మొదలయ్యాక పది రోజులైనా నలభై రోజులైనా పెట్టెలో ఉండేది అవే బట్టలు. లెక్కపెట్టాల్సింది ఆ పెట్టెని మీ చేతులతో ఎన్నిసార్లు నేల మీంచి పైకి లేపాలి అనేది. ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. గదిలోంచి కిందకి, కారు డిక్కీలోకి, డిక్కీలోంచి బయటికి, స్టేషన్ మెట్లు ఎక్కడం, దిగడం, రైలు మెట్టు, లోపల పైన ర్యాక్, మళ్ళీ కిందకి, మళ్ళీ మెట్లు, మళ్ళీ డిక్కీ, మళ్ళీ గది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారితే తక్కువలో తక్కువ పదిసార్లు. మీకు వెళ్ళడం రావడం కలిపి ఐదు మార్పులు, అంటే యాభై ఎత్తులు. ఇరవై రెండు కిలోల పెట్టె అయితే యాభై సార్లకి 1,100 కిలోలు. రెండు పెట్టెలకి రెండు టన్నుల పైనే, సెలవులకని వెళ్ళి! అదే తొమ్మిది కిలోల బ్యాగు అయితే మొత్తం 450. కావడి మోసేవాడికే బరువు తెలుస్తుందంటారు, మీ ఇంట్లో ఆ కావడి మోసేది ఎవరో నాకు తెలీదు గానీ, మీ వారు అంత గట్టిగా ఎందుకు పట్టుబడుతున్నారో మాత్రం ఈ లెక్కలో నాకు అర్థమైంది.

అదే పది రోజులూ ఒకే చోట ఉండేట్టయితే, ఇంటి ముందు కారెక్కి అక్కడి గుమ్మం ముందు దిగేట్టయితే, హాయిగా తీసుకెళ్ళండి. పెట్టే బేడా అన్నీ తెచ్చుకోండి. మొత్తం మీద ఎత్తేది నాలుగైదు సార్లు, దానికోసం రోజూ రాత్రి చొక్కా ఉతుక్కునే అవస్థ ఎందుకు? తేలిగ్గా వెళ్ళడం ఏదో గొప్ప గుణం అన్నట్టు, బరువుగా వెళ్ళేవాళ్ళు తెలివితక్కువ వాళ్ళన్నట్టు మాట్లాడేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు.

చక్రాలున్నాయి కదా, ఎత్తడం ఎక్కడ, లాక్కుపోతాం అంటారు. ఆ చక్రాల కథ కూడా బరువు మొయ్యలేకే మొదలైంది. 1970లో బెర్నార్డ్ శాడో అనే ఆయన కుటుంబంతో సెలవులకి వెళ్ళి వస్తూ ఎయిర్‌పోర్టులో రెండు బరువైన సూట్‌కేసులు మోస్తుంటే, అక్కడో పనివాడు బరువైన యంత్రాన్ని చక్రాల బల్ల మీద పెట్టి సునాయాసంగా తోసుకుపోవడం కనబడిందట. 1972లో పేటెంటు వచ్చింది. ఇప్పుడు మనం వాడే నిలువు ట్రాలీ, పొడుగు హ్యాండిల్‌ది, 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ తయారుచేసుకున్నాడు. చూడండి, ఇద్దరికీ ఆ ఆలోచన వచ్చింది ఎయిర్‌పోర్టుల్లో, నున్నటి నేల మీద తిరుగుతూ. చక్రం అక్కడ రాజు. మెట్ల దగ్గర, కంకర దగ్గర, రాళ్ళు పరిచిన పాత వీధుల్లో, వాన పడ్డ మట్టిలో అది ఒట్టి అదనపు బరువు.

ఒకసారి మా గ్రూపులో ఒకాయన పెట్టె చక్రం పోయింది. ఆయన బోర్లా వేసి చూపిస్తే నేనూ వంగి చూశాను. ఇరుసు చుట్టూ పొడుగు వెంట్రుకలూ, ఏదో దారం పోగులూ బిగిసి తాడులా చుట్టుకుపోయున్నాయి, చక్రం తిరగడం ఎప్పుడో మానేసింది, ఆయన గమనించకుండా లాక్కొచ్చేసరికి రాళ్ళ మీద ఒకవైపే అరిగి అరిగి సగం కోసిన నిమ్మకాయలా చదునుగా అయిపోయింది. ఇరవై ఆరు కిలోలు. ఇక మిగిలిన నాలుగు రోజులూ ఆ పెట్టెకి నేనొక పక్క, ఆయనొక పక్క. బయల్దేరే ముందు మీ పెట్టెని తిరగేసి చక్రాల్లో జుట్టు చుట్టుకుందేమో చూసి చిన్న కత్తెరతో తీసేయండి, రెండు నిమిషాల పని.

ఇప్పుడు మీ వారి పక్షం సంగతి. కొత్తలో నేనూ ఆయన పార్టీయే. ఎనిమిది రోజుల టూరుకి ఆరు కిలోల బ్యాగుతో వెళ్ళి, ఎయిర్‌పోర్టులో అందరూ కన్వేయర్ బెల్ట్ దగ్గర నిలబడితే నేను చేతులు ఊపుకుంటూ ముందుకెళ్ళి వాళ్ళకోసం ఎదురుచూస్తూ లోలోపల తెగ మురిసిపోయేవాణ్ణి. ఒకసారి కాళ్ళకున్న గుడ్డ బూట్లు తప్ప ఇంకో జత తీసుకెళ్ళలేదు. రెండో రోజే వాన. రాత్రి న్యూస్ పేపర్లు కుక్కాను, హెయిర్ డ్రయ్యర్ పెట్టాను, అది వేడెక్కి దానంతటదే ఆగిపోయింది, పొద్దున్నకి పైన ఆరినట్టే ఉన్నాయి గానీ వేళ్ళ దగ్గర లోపల ఇంకా చెమ్మ. అలాగే వేసుకుని రోజంతా నడిచాను. సాయంత్రానికి మడమ వెనక రూపాయి బిళ్ళంత బొబ్బ. మూడో రోజు ముప్పై మందిని వెనకేసుకుని, జెండా పట్టుకుని, బాత్రూమ్ స్లిప్పర్లతో కుంటుకుంటూ నడిచిన టూర్ మేనేజర్ని నేను. అర కిలో కూడా లేని చెప్పుల జత మిగుల్చుకుని సాధించింది అదీ.

ఇంకో రకం కూడా ఉంటారు, వీళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. బ్యాగు చిన్నదే, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మొదటి రోజు పేస్టు పక్క గదిలో అడుగుతారు, రెండో రోజు ఛార్జరు, మూడో రోజు తలనొప్పి మాత్ర, వాన పడితే గొడుగులో సగం. ఐదు రోజులయ్యేసరికి వాళ్ళ సామాను గ్రూపులో అందరి పెట్టెల్లోనూ ఉన్నట్టు తేలుతుంది. వాళ్ళు తేలిగ్గా రాలేదండీ, బరువు మన మీద పెట్టి వచ్చారు. మీ వారు అలాంటివారని అనడం లేదు, కానీ ‘‘ఒక్క బ్యాక్‌ప్యాక్ చాలు’’ అన్నప్పుడు పాప బట్టలు, పాప మందులు, పాప తడి టవల్ ఆ బ్యాక్‌ప్యాక్‌లోనే ఉన్నాయో, లేక మీ సంచిలోకి వచ్చి పడ్డాయో ఒకసారి అడిగి చూడండి.

పాపకి సొంత బ్యాగు అంటారా, ముద్దుగానే ఉంటుంది. మొదటి అరగంట తనే వేసుకుంటుంది, ఫొటోలు తీస్తారు, తర్వాత అది మీ భుజానికే. ఆరేళ్ళ పిల్లల బ్యాగుని ఎప్పుడూ పెద్దవాళ్ళ బరువులోనే కలిపి లెక్కేయాలి.

ఇక అసలు బరువు ఎక్కడ దాక్కుంటుందో చెప్తాను, ఎందుకంటే జనం చేతి రుమాళ్ళు తీసేసి బరువు తగ్గించామనుకుంటారు. మొదటి దొంగ ఖాళీ పెట్టే. గట్టి అట్టలాంటి పెద్ద సూట్‌కేసు ఏమీ పెట్టకుండానే నాలుగైదు కిలోలు తూగుతుంది. చాలా విమానాల్లో క్యాబిన్‌లోకి ఏడు కిలోలే అంటారు, అందులో చక్రాల చిన్న ట్రాలీయే రెండున్నర, మూడు కిలోలు మింగేస్తే మీకు మిగిలేది నాలుగు. అదే మెత్తటి బ్యాక్‌ప్యాక్ కిలో లోపు ఉంటుంది. అంటే ఏమీ తీసెయ్యకుండానే రెండు కిలోలు లాభం. రెండోది బూట్లు, జతకి కిలో దాకా వెళ్తాయి, కాబట్టి బరువైనవి కాళ్ళకి వేసుకోండి, తేలికైనవి పెట్టెలో పెట్టండి, మూడో జత ఇంట్లో వదిలేయండి. మూడోది ద్రవాలు. లీటరు నీళ్ళు కిలో కదా, షాంపూలూ లోషన్లూ అంతే. నాలుగోది జీన్స్. ఒక్కోటి బాగా బరువు, పైగా తడిస్తే రాత్రికి రాత్రి ఆరదు.

ఆరడం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, తేలిగ్గా వెళ్ళడం అనేదంతా చివరికి దీని మీదే నిలబడుతుంది. నూలు నీటిని పోగులోకే పీల్చుకుంటుంది, అందుకే ఒంటికి సుఖం, అందుకే ఆరడం ఆలస్యం. పాలిస్టరు, నైలాను నీటిని పెద్దగా పీల్చవు, పిండి ఆరేస్తే పొద్దున్నకి ఆరిపోతాయి, కానీ చెమట వాసన త్వరగా పడుతుంది. మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్ని రెండింటికీ మధ్యస్థం, రెండు మూడు రోజులు వేసినా వాసన రాదు, ధరే కాస్త ఎక్కువ. నేను ఇన్నేళ్ళుగా చేసేది ఇది: రాత్రి స్నానం చేస్తూనే ఆ రోజు వేసుకున్న లోదుస్తులూ టీషర్టూ సబ్బుతో ఉతికేస్తాను, చేత్తో పిండాక పొడి టవల్ పరిచి దాని మీద బట్ట పెట్టి, చాపలా చుట్టి, ఆ చుట్ట మీద మోకాలు పెట్టి గట్టిగా నొక్కుతాను. చేతికి రాని నీళ్ళు టవల్‌లోకి వచ్చేస్తాయి. తర్వాత గాలి తగిలేచోట ఆరేస్తే చాలు, నూలుదైనా చాలావరకు ఆరుతుంది. టవల్ మాత్రం మర్నాటికి తడిగా ఉంటుంది, అది మనం మొయ్యక్కర్లేనిది అయితేనే ఈ పని చెయ్యండి.

కుదించే సంచులు కొనమంటారా అని కూడా అడిగారు. గాలి తీసి నొక్కేవి ఉంటాయి కదా, అవి చోటు తగ్గిస్తాయి గానీ బరువు ఒక్క గ్రాము తగ్గించవు. పైగా చోటు మిగిలింది కదా అని ఇంకో నాలుగు జతలు పెడతాం, కౌంటర్ దగ్గర బరువు చూస్తే కళ్ళు తిరుగుతాయి. తిరుగు ప్రయాణంలో ఆ గాలి తీసే పంపు ఉండదు, ఉంటే అదో బరువు. మామూలు జిప్పు పౌచ్‌లు మాత్రం చాలా ఉపయోగం, చోటు కోసం కాదు, పాప సాక్సు కోసం పెట్టె మొత్తం తిరగెయ్యకుండా ఉండటానికి. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. వెళ్ళేటప్పుడే పెట్టె నిండిపోతే వచ్చేటప్పుడు మూతపడదు, మాసిన బట్టలు అంత శ్రద్ధగా మడత పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. నాలుగో వంతు ఖాళీగా ఉంచండి.

‘‘ఒకవేళ’’ సామాన్ల సంగతి. మీరు రాసిన లిస్టులో పదకొండు వస్తువుల పక్కన ఒకవేళ అని ఉంది, నేను లెక్కపెట్టాను. ఒకవేళ చలేస్తే, ఒకవేళ పెద్ద హోటల్‌కి వెళ్తే, ఒకవేళ ఈత కొడితే. ఇవన్నీ ఒకటి కాదు. అది లేకపోతే ప్రయాణం ఆగిపోతుందా, లేక కాసేపు చిరాకు పడతామా అన్నది చూడండి. పాప జ్వరం మందు, మీ బీపీ మాత్రలు, కళ్ళద్దాల రెండో జత, వాన కోటు, ఇవి ఒక్కసారి కూడా వాడకపోయినా ప్రతి ప్రయాణానికీ రావాల్సిందే. బరువు చూసి వీటిని తీసేసేవాళ్ళని చూశాను, తర్వాత అర్ధరాత్రి మందుల షాపు కోసం వాళ్ళతో పాటు తిరిగిందీ నేనే. కానీ హీల్స్ చెప్పులు, రెండో స్వెట్టరు, ఇస్త్రీ పెట్టె, లావుపాటి నవల, ఇవి చిరాకు జాతివి. లేకపోతే ఏమీ కాదు, దొరికితే అక్కడ కొనుక్కుంటాం, లేదా మర్చిపోతాం. చలికి మాత్రం ఒక లావు కోటు కన్నా పల్చటివి మూడు పొరలుగా వేసుకోవడం మేలు, ఎండెక్కితే ఒక్కొక్కటే తీసేసుకోవచ్చు.

చెక్-ఇన్ పెట్టె తీసుకెళ్తే ఒక విషయం ముందే ఒప్పుకోవాలి, అది మీతో పాటు దిగకపోవచ్చు. నాకు ఒకసారి మూడో రోజు వచ్చింది. చేతి సంచిలో కాగితాలన్నీ భద్రంగా ఉన్నాయి గానీ ఒక్క జత బట్టలు లేవు, వేసుకున్న చొక్కాతోనే రెండు రోజులు గ్రూపుకి గుడ్ మార్నింగ్ చెప్పాను. కౌంటర్‌లో అమ్మాయి పెట్టె ఎలా ఉంటుంది అని అడిగితే ‘‘నల్లగా ఉంటుంది’’ అన్నాను, ఆమె ఏమీ అనకుండా నావంక చూసింది. అప్పట్నుంచి పెట్టె మూసే ముందు లోపలా బయటా ఫోన్‌తో ఫొటో తీస్తాను. ముగ్గురి బట్టలూ మూడు బ్యాగుల్లోకి కలిపి సర్దండి, ఒకటి పోయినా ఎవరూ కట్టుబట్టలతో మిగలరు. మందులు, డాక్టర్ చీటీ, పాపకి రెండు జతలు, మీ ఇద్దరికీ ఒక్కో జత మీతోనే ఉండాలి. పెట్టె రాకపోతే ఎయిర్‌పోర్టు బయటికి రాకముందే కంప్లైంట్ రాయించి నంబరు తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణాలకి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది, దాని ప్రకారం సామాను పాడై వస్తే అందిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి, రావాల్సిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క. పరిహారానికీ పరిమితి ఉంది, 2024 డిసెంబర్ 28 నుంచి మనిషికి 1,519 ఎస్‌డీఆర్, అంటే కొన్ని పెద్ద కరెన్సీల విలువ కలిపి అంతర్జాతీయ ద్రవ్యనిధి కట్టే లెక్క. కాబట్టి నగలూ కెమెరాలూ పెట్టెలో వేసి తర్వాత బాధపడకండి.

క్యాబిన్ బ్యాగుతోనే వెళ్తే బాధలు వేరు. ద్రవాలు ఒక్కో డబ్బా 100 మిల్లీలీటర్లు మించకూడదన్న నిబంధన 2006 నుంచీ ఉంది, కొత్త స్కానర్లు పెట్టిన కొన్ని ఎయిర్‌పోర్టులు సడలించాయి గానీ తిరుగు ప్రయాణంలో ఉన్నది పాత స్కానరే కావచ్చు. వాళ్ళు చూసేది డబ్బా సైజు, లోపల ఎంత మిగిలిందని కాదు, అడుగున రెండు చెంచాలే ఉన్న 200 మిల్లీలీటర్ల ట్యూబు కూడా చెత్తబుట్టలోకే. షాంపూ బదులు షాంపూ బిళ్ళ, బాడీ వాష్ బదులు మామూలు సబ్బు పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. పవర్ బ్యాంక్ మాత్రం దీనికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వెయ్యకూడదు. 100 వాట్ అవర్స్ (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) దాకా ఇబ్బంది లేదు, 20,000 ఎంఏహెచ్‌ది 3.7 వోల్టుల లెక్కన 74 అవుతుంది కాబట్టి సరిపోతుంది. 100 దాటితే విమానం వాళ్ళ అనుమతి కావాలి, 160 దాటితే కుదరదు. చివరి నిమిషంలో గేటు దగ్గర మీ క్యాబిన్ బ్యాగు కింద వేస్తామని తీసుకుంటే ముందు పవర్ బ్యాంక్ బయటికి తీయడం మర్చిపోకండి. ఇది చాలామంది మర్చిపోతారు.

ఇక మీ విషయంలో నా తీర్పు. ఒక మధ్యస్థం సూట్‌కేసు, పదిహేను కిలోలు దాటకుండా, మీ ఇద్దరికీ చెరో బ్యాక్‌ప్యాక్. రెండు పెద్ద పెట్టెలు వద్దు, ఎందుకంటే మెట్ల దగ్గర మీ వారి రెండు చేతులూ వాటికే పోతే, మీ ఒక చేత్తో పాపని పట్టుకుంటే, టికెట్లు చూపించేది ఎవరు? పెట్టె ఒకటే అయితే ఎప్పుడూ ఒక పెద్దమనిషికి రెండు చేతులూ ఖాళీ. మనిషికి ఐదు జతలు, పాపకి ఏడు, పిల్లలు ఎప్పుడు ఏం ఒలకబోసుకుంటారో తెలీదు. ఐదో రోజు అటూ ఇటూగా ఉతకడానికి ఒక సాయంత్రం కేటాయించుకోండి, ప్లాన్‌లో రాసుకోండి కూడా, లేకపోతే జరగదు. టికెట్లన్నీ ముందేసుకుని ఏ విమానంలో ఎంత బరువు అని చూసి అన్నింట్లోకీ తక్కువ ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి.

సర్దడం చివరి రాత్రికి వదిలెయ్యకండి, రెండు రోజుల ముందే పూర్తి చేసి, ఇద్దరూ ఆ సామానంతా వేసుకుని, పాప చెయ్యి పట్టుకుని రెండు అంతస్తులు ఎక్కి దిగండి. నవ్వులాటకి కాదు, నిజంగానే చెయ్యండి. నేను వంద మాటల్లో చెప్పినా తియ్యని వస్తువులు పన్నెండో మెట్టు దగ్గర వాటంతటవే బయటికొస్తాయి, ఏం తియ్యాలన్న దాని మీద ఇద్దరికీ గొడవ కూడా ఉండదు. తిరిగొచ్చాక విప్పేటప్పుడు, ఒక్కసారీ వాడనివి పక్కకి పెట్టి ఫొటో తీసుకోండి, మందులూ వాన కోటూ మినహాయించి. మా ఆవిడ అలాంటి ఫొటోలు మూడేళ్ళవి దాచింది, ప్రతి దాంట్లోనూ నా నీలం స్వెట్టరు ఉంది. నాలుగో ఏడు తనే బీరువా తాళం వేసి పెట్టుకుంది.

అన్నట్టు మర్చిపోయాను, పాప రాత్రి పక్కలో పెట్టుకుంటే తప్ప నిద్రపోని బొమ్మ గానీ దుప్పటి గానీ ఏదైనా ఉంటే అది ఎంత పెద్దదైనా సరే, మీ వారు ఎంత గొణిగినా సరే, చెక్-ఇన్‌లో వెయ్యకండి.